కోడలి గెంతు

మా చిన్నమామ పోయిన సంగతి కుప్పం నుంచి ఒక ఆడపిల్ల ఫోన్ చేసి చెప్పింది. పొద్దున ఎనిమిది గంటలై ఉంటుంది. మా ఆయన టమోటా మండీకి పోతూ ఫోన్ ఇంట్లో మరిచిపోయాడు. అందుకని నేను తీశాను.

"అక్కా, మాస్టరు పోయినారు" అని ఆ పిల్ల ఏడ్చింది. "క్లాసు అయిపోయినాక మెట్టు మీద కూచున్నారు. నీళ్ళు తెమ్మన్నారు. తెచ్చేసరికి గోడకు ఆనుకోని ఉండారు. పిలిస్తే పలకలా."

ఎట్లా జరిగిందని నేను అడగలేదు. "ఆ టైంలో ఆయన పక్కన ఎవరుండారు?" అని అడిగాను. ఆ పిల్ల ముక్కు ఎగబీల్చుకుంది. తర్వాత "అందరం ఉండామక్కా, పదకొండు మందిమి" అంది.

ఫోన్ పెట్టేశాక నా ప్రశ్న నాకే గుచ్చుకుంది. మనిషి పోయాడని చెబితే కూడా నా నోట్లోంచి అనుమానమే వచ్చింది. చిన్నమామ విషయంలో నాకు మొదటినుంచీ అదే అలవాటు. ఆయన గురించి రాయాలంటే ఆ అలవాటు గురించి కూడా రాయాలి. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. జరిగింది జరిగినట్టు చెప్పడమే నాకు చేతనైంది.

చిన్నమామ అంటే మా మామకు సొంత తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. మదనపల్లెలో ఒక బడిలో డ్రిల్లు మాస్టరుగా చేసి, రిటైరయ్యాక కూడా పొద్దున పూట ఆ గ్రౌండులోనే ఆడపిల్లలకు కరాటే నేర్పేవారు. నేను రామసముద్రం పక్క పల్లె నుంచి కోడలిగా వచ్చేనాటికి ఆయన మా ఇంట్లోనే, వీధివైపు చిన్న గదిలో ఉండేవారు.

ఆ ఇంట్లో ఆయనకు వేళకు అన్నం ఉండేది, పలకరింపు ఉండేది కాదు. మా అత్త సంగటి ముద్ద పళ్ళెంలో వేసి, గడప దగ్గర పెట్టి, "అన్నం పెట్టినా" అని గోడకు చెప్పేది. ఆయన తిని, పళ్ళెం తనే కడిగి బోర్లించి పోయేవారు. అన్నదమ్ములు ఎదురుపడితే ఎండ గురించో వాన గురించో రెండు మాటలు. మామకు ఎడమ చెవి వినపడదు కాబట్టి ఆ రెండు మాటలూ చిన్నమామ కుడివైపుకు వచ్చి చెప్పేవారు.

ఒకే ఇంట్లో ఉంటూ ఎందుకిట్లా అని మా ఆయన్ని అడిగితే "అది పాత సంగతి. నువ్వు తవ్వొద్దు" అన్నాడు. తవ్వొద్దంటే తవ్వకుండా ఉండగలను గానీ, అనుకోకుండా ఉండలేను కదా.

చిన్నమామకు ఇంకో అలవాటు ఉండేది. ఎక్కడ నిలబడినా, వెనక్కి తిరిగే ముందు భుజం మీదుగా ఒకసారి చూసేవారు. ముందు తల తిరిగేది, తర్వాత మనిషి తిరిగేవారు. చేతిలో గ్లాసున్నా, చెప్పులు విడుస్తున్నా, కుర్చీలోంచి లేస్తున్నా అంతే. వెనక ఎవరూ లేరని తెలిసి కూడా చూసేవారు. ఏదో చేసి దాచుకున్న మనిషి చూపు అది అనిపించేది నాకు.

కొళాయి దగ్గర పక్కింటామె ఆ అనుమానానికి నీళ్ళు పోసింది.

"మీ సిన్నమామ ఆడపిల్లోళ్ళకు గాల్లో ఎగిరి, తిరిగి తన్నేది నేర్పిస్తాడంట కదా. ఆయప్ప ఎగిరింది ఎవురన్నా సూసినారా మే?"

"నాకు తెలీదక్కా."

"ఎవురూ సూడలా. నోటితోనే ఎగురుతాడు. మరి ఆడపిల్లోళ్ళకే యాల నేర్పించేది? మొగపిల్లోళ్ళు దొరకలేదంటనా?"

ఆమె నవ్వుతూనే అంది. ఆ మాట మాత్రం నా బిందెతో పాటు ఇంట్లోకి వచ్చింది.

ఇప్పుడు ముగ్గు సంగతి చెప్పాలి. మా అత్తగారింట్లో వాకిట్లో ముగ్గు బయటి నుంచి వంగి వేస్తారు. మా అవ్వ నాకు నేర్పింది వేరే. చుక్కలు పెట్టుకుని, నడిమి చుక్క దగ్గర నిలబడి మొదలుపెట్టాలి. గీతల మధ్య ఖాళీల్లో కాళ్ళు పెట్టుకుంటూ చుట్టూ కలుపుకుంటూ రావాలి. ఆఖరి గీత కలిసేసరికి వేసే మనిషి లోపలే ఉండిపోతుంది. తొక్కకుండా బయటికి రావడం మన పని. నేను వెనక ఖాళీ నేల ఎక్కడుందో భుజం మీదుగా చూసుకుని, కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఎడమ కాలి మీద లేచి, గాల్లోనే మళ్ళి, కుడికాలి మునివేళ్ళ మీద దిగేదాన్ని. పేడనీళ్ళు చల్లిన నేల తడిగా ఉంటుంది. మడమ ఆనితే జారుతుంది. జారితే చేసిన పనంతా పోతుంది. చిన్నప్పటి నుంచి చేస్తున్నది కాబట్టి ఇందులో చెప్పుకోవాల్సింది ఉందని నాకెప్పుడూ తోచలేదు.

ఒక పొద్దున అట్లా దిగి తలెత్తితే, చిన్నమామ గది తలుపు దగ్గర నిలబడి నా కాళ్ళు చూస్తున్నారు. నన్ను కాదు, నా కాళ్ళను. కొంగు సర్దుకుని లోపలికి పోయాను. మరుసటి రోజు కూడా అంతే. మూడో రోజు నోరు తెరిచి అడిగారు.

"ఇంకోసారి ఎగురుతావామ్మా?"

నేను కొంగు భుజాల మీదికి లాక్కున్నాను.

"ముందు ఏ కాలు లేసింది? ఎడమదేనా?"

ముగ్గు గిన్నె అక్కడే వదిలేసి లోపలికి పోయాను. మామ వరసయ్యే పెద్దమనిషి కోడలి కాలు గురించి అడగడం ఏమిటి? ఆయన లేవక ముందే ముగ్గు ముగించాలని పొద్దున ఇంకా ముందు లేవడం మొదలుపెట్టాను. నేను అయిదున్నరకు లేస్తే ఆయన తలుపు అయిదింటికే తెరుచుకునేది. నేను అయిదింటికి లేస్తే ఆయన అప్పటికే అరుగు మీద ఉండేవారు, మోకాలిని బొటనవేలితో నొక్కుకుంటూ.

ఒకరోజు ఆయన గ్రౌండుకు పోయినప్పుడు ఆ గది ఊడ్చడానికి పోయాను. ఊడ్చడానికి అని ఇప్పటిదాకా అందరికీ చెప్పాను. నిజానికి వెతకడానికి పోయాను. కిటికీలో పొడవు నోటు పుస్తకం ఒకటి ఉంది. తెరిస్తే అన్నీ కాళ్ళ బొమ్మలు. పెన్సిలుతో గీసినవి. ముఖం లేదు, మనిషి లేదు. పాదాలు, చీలమండలు, మోకాళ్ళు, పక్కన బాణాలు, అంకెలు. నాలుగు పేజీలు తిప్పాక ఒక పాదానికి మెట్టెలు కనిపించాయి. పైన చీర అంచు. నా కాలు నేను గుర్తుపట్టలేనా? ఆ బొమ్మ కింద ఏదో రాసి ఉంది. చిన్న అక్షరాలు. నేను చదవలేదు. చదవడం వచ్చి కూడా చదవలేదు. పుస్తకం మూసి కిటికీలో పెట్టేసి బయటికి వచ్చాను.

మధ్యాహ్నం మా ఆయన అన్నానికి వస్తే చెప్పాను.

"నాకు మీ సిన్నాయనతో ఇబ్బందిగా ఉండాది."

"ఏం చేసినాడు?"

"నా కాళ్ళు సూస్తాండాడు. పుస్తకంలో బొమ్మలు ఏసుకుంటాండాడు."

ఆయన ముద్ద పళ్ళెంలో వదిలి నా ముఖంలోకి చూశాడు. "నిజంగానా?"

"నేను అబద్ధం చెప్తానా?"

అబద్ధం చెప్పలేదు. ప్రతి మాటా నిజమే.

ఆయన వాళ్ళ అమ్మకు చెప్పాడు. మా అత్త ఆశ్చర్యపోలేదు. ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తున్నట్టు లేచి, కొంగు బొడ్లో దోపుకుని చిన్నమామ గది ముందుకు పోయింది. ఆ ఇంట్లో ఆమె ఆయనతో సూటిగా మాట్లాడడం అదే మొదటిసారి విన్నాను.

"నా కోడలు వాకిట్లోకి రావాలంటే భయపడతాంది. నువ్వు ఉండేదానికి యాడన్నా సూసుకో."

"నేనేం చేసినానొదినా?"

"ఏం చేసినావో నీకే తెలియాల. ముందొకసారి చేసినావు, ఓర్చుకున్నాం. మళ్ళా ఓర్చుకునేదానికి మాకు చేతగాదు."

నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను. ఎవరు చెప్పారని ఆయన అడుగుతారని భయపడ్డాను. అడగలేదు. వంటింటి వైపు ఒకసారి చూశారు. ఒక సంచీలో బట్టలు, ఆ పుస్తకం, తెల్ల కాన్వాసు బూట్లు పెట్టుకుని మధ్యాహ్నం బస్సుకు పుంగనూరు వెళ్ళిపోయారు. మామ ఇంట్లోనే ఉన్నారు. పో అనలేదు, ఉండూ అనలేదు.

మా ఇంటి మాట మా ఇంట్లో ఆగలేదు. నెల తిరగకుండానే గ్రౌండుకు పోయే పిల్లల తల్లులు నన్ను కొళాయి దగ్గర ఆపి అడిగారు. "నిజమేనా మే? ఏదో అయ్యిందంట కదా?" నేను తల దించుకున్నాను. నాకు సిగ్గెక్కువ, నలుగురిలో నోరు పెగలదు. తల దించుకోవడమే వాళ్ళకు జవాబైపోయింది. మదనపల్లెలో ఆ క్లాసు మళ్ళీ జరగలేదు.

మరుసటి ఏడాది మా పిన్నమ్మ కూతురి పెళ్ళికి పుంగనూరు పోయాను. మదనపల్లె నుంచి వచ్చిన మాస్టరొకాయన కల్యాణ మంటపం వెనక గ్రౌండులో ఆడపిల్లలకు కరాటే నేర్పిస్తున్నాడని అక్కడ ఎవరో అన్నారు. పొద్దున్నే టిఫిన్ల హడావిడిలో ఒక్కదాన్నే బయటపడ్డాను. ఆయన్ని చూడాలని కాదు, పట్టుకోవాలని పోయాను. నేను చెప్పింది నిజమేనని నాకు నేను చూపించుకోవాలి. అది లేకుండా నాకు ఏడాదిగా నిద్ర సరిగా లేదు.

గ్రౌండు ప్రహరీ ఒకచోట నడుము ఎత్తే ఉంది. దాని పక్కన కానుగ చెట్టు వెనక నిలబడ్డాను. పది పన్నెండు మంది ఆడపిల్లలు తెల్ల బట్టల్లో ఉన్నారు. ఒక పక్క బండ మీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు, పిల్లల తల్లులై ఉంటారు. నేల మీద ముగ్గుపిండితో చుక్కలు పెట్టి, గీతలు కలిపి ఉన్నాయి. ఒక్కొక్క పిల్ల ఆ ముగ్గు నడుమ నిలబడి, భుజం మీదుగా వెనక్కి చూసి, ఎగిరి మళ్ళి బయట దిగుతోంది. చిన్నమామ వాళ్ళకు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. చూడను కూడా చూడడం లేదు, ఇదేం నేర్పడం అనుకున్నాను.

"దబ్బుమన్నాది. రెండు కాళ్ళూ ఒక్కసారే పడినాయి. మళ్ళా" అన్నారు వెనక్కి తిరగకుండానే.

"మీరు సూడనే లేదు మాస్టర్."

"సూసేది యాల? వినపడతాండాదే. పిల్లి మాదిరి దిగమంటే బియ్యం మూట మాదిరి దిగుతాండావు."

పిల్లలు నవ్వారు. ఇంకొకతె నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది.

"మూడు వారాల నుంచి ఈ కోడలి గెంతేనా మాస్టర్? కిక్కు ఎప్పుడు?"

"ముగ్గు చెడకుండా దిగిన పొద్దు."

"ఎవురు మాస్టర్ ఆ కోడలు? మా పానం తీస్తాండాది."

"మా యన్న కోడలు. ఆయమ్మ తడినేల మీద ఎగురుతాది, చీర కట్టుకోని. ఒక్క చుక్క చెడదు. ఎట్ల చెప్తే మీ మాదిరోళ్ళకు తలకెక్కుతాదా అని ముప్పై ఏండ్లు నేను కొట్టుకుంటాంటే, ఆయమ్మ మా వాకిట్లో రోజూ చేసి పెట్టింది. చేస్తాండానని ఆమెకే తెలీదు."

నా చేతులు గోడ మీద ఉన్నాయి. తీసుకోవాలన్నా రాలేదు.

మూడు వారాలు గెంతిన పిల్లల్లో ఒకతెకు ఆ రోజు కిక్కు దొరికింది. చిన్నమామ ఆమె పక్కన నిలబడి నోటితోనే చెప్పారు. పక్కకు తిరిగి నిలబడు. ముందు తల. కొట్టాల్సింది కంట్లో పడేదాకా ఇంకేదీ కదలొద్దు. కనపడినాక మోకాలు పైకి లేపు, అది నిన్ను లేపుతుంది. నడుము దాని వెనకే వస్తుంది. కాలు ఆఖర్న, పైకి లేచిన ఆ క్షణంలో వదలాలి. వదిలినంత తొందరగా వెనక్కి తీసుకోవాలి, లేకపోతే అదే నిన్ను పడేస్తుంది. "కొట్టేది సగమే. దిగేది సగం" అన్నారు. ఆ పిల్ల తల తిప్పింది, లేచింది, గాల్లో మళ్ళి, కర్రకు వేలాడదీసిన గోనెసంచిని మడమతో తన్ని, చప్పుడు లేకుండా దిగింది. బండ మీది తల్లుల్లో ఒకామె చప్పట్లు కొట్టి, మళ్ళీ సిగ్గుపడి చేతులు కొంగులో పెట్టుకుంది.

అప్పుడు చిన్నమామ వెనక్కి తిరిగారు. ముందు తల తిరిగింది. నన్ను చూశారు.

పిల్లలకు నీళ్ళు తాగమని చెప్పి గోడ దగ్గరికి వచ్చారు. గోడకు అటు ఆయన, ఇటు నేను. పెళ్ళయిన మూడేళ్ళలో నేను ఆయనతో మాట్లాడడం అదే మొదలు.

"పెండ్లికొచ్చినావామ్మా?"

"ఊ." తర్వాత "ఆ పుస్తకం నేను సూసినా మామా" అన్నాను.

"తెలుసు. తలకిందులుగా పెట్టి పోయినావు కిటికీలో."

గోడవార పెట్టుకున్న సంచీలోంచి అదే పుస్తకం తీసి ఇచ్చారు. మెట్టెల బొమ్మ ఉన్న పేజీ తెరిచి, ఆ రోజు చదవని అక్షరాలు ఇప్పుడు చదివాను. 'ముందు చూపు. తర్వాత మోకాలు. తర్వాత నడుము. మడమ నేలకు ఆనదు. కోడలు ఇదంతా ఆలోచించకుండా చేస్తుంది. అడిగితే భయపడింది. వదినతో అడిగిద్దామంటే వదిన నాతో మాట్లాడదు. ఎట్లా?'

ఆ 'ఎట్లా' దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి.

"నోటితో చెప్పుంటే అయిపోయుండేది కదా మామా" అన్నాను. నాలో ఇంకా తప్పు ఆయన మీదికి తోసే మనిషి ఉంది.

"చెప్పాల్సిందే" అన్నారాయన. "అది నా తప్పు. ఆడబిడ్డ కాళ్ళు సూసే మొగోడు యాల సూస్తాండాడో ముందు చెప్పి సూడాల. అందుకే ఇప్పుడు తల్లుల్ని ఆ బండ మీద కూచోబెట్టుకోనే నేర్పిస్తాండా."

ఆ తర్వాత పాత సంగతి చెప్పారు. నేను అడగలేదు. వయసులో ఉన్నప్పుడు ఊరి తిరనాళ్ళలో నలుగురి ముందర ఈ కిక్కే చేసి చూపించారట. చప్పట్లు కొడితే మళ్ళీ చేశారట. రెండోసారి తల తిప్పి చూసుకోలేదు. అన్నానికి పిలవడానికి వెనకనుంచి వచ్చిన అన్న చెవి మీద ఆయన మడమ తగిలింది. అదే మామ ఎడమ చెవి. ఆ దిగడంలో ఆయన మోకాలు కూడా పోయింది. మా అత్త అప్పటికి కొత్తకోడలు.

"ఆ పొద్దు నుంచి నేను ఎగరలా. తిరిగేముందర సూడకుండా తిరగనూ లేదు."

నేను పుస్తకం తిరిగిచ్చేశాను. ఏడుస్తున్నానని ఆయన చూడనట్టు పక్కకు చూశారు.

"నువ్వు అనుమానపడింది తప్పు కాదమ్మా. ఆడమనిషి వెనక్కి సూసుకోవాల్సిందే. నువ్వు సగం తిరిగి కొట్టినావు, అంతే. పూర్తిగా తిరిగుంటే నేను కనపడేవాణ్ని."

ఈ తన్ను దేనికి పనికొస్తుందని అడిగాను, ఇంకేం అడగాలో తెలియక. బజార్లో పనికిరాదన్నారు. బస్టాండులో ఎవడైనా చెయ్యి పట్టుకుంటే వాడి పాదం మీద మడమతో తొక్కి, అరిచి, పరుగెత్తమని పిల్లలకు చెప్తానన్నారు. పోటీలో అయితే ఎదుటివాళ్ళు మీదికి దూసుకొచ్చేటప్పుడు, వాళ్ళు ఆగలేని చోట ఇది పనికొస్తుందట. "మిగతా అంతా దేనికంటే, వెనక ఏముండాదో అని భయపడతా బతికే బిడ్డలు ఒకసారి వెనక్కి తిరిగి సూసి లేసేదానికి" అన్నారు. నన్ను ఉద్దేశించి అన్నారో లేదో తెలియదు.

ఇంట్లో అందరికీ చెప్తాను మామా అన్నాను.

"ధైర్యం వచ్చినప్పుడు చెప్పు. గాల్లో ఉండే మనిషిని తొందరపెట్టకూడదు."

నేను మా ఆయనకు మాత్రం చెప్పాను. ఆయన చాలాసేపు తల పట్టుకుని కూర్చుని "ఇప్పుడు మాయమ్మకు చెప్తే ఇంట్లో రచ్చ. సిన్నాయన బాగానే ఉండాడు కదా, నిదానంగా చెప్దాంలే" అన్నాడు. ఆ నిదానం రెండేళ్ళయింది. అత్త ముందుకు పోయి, కూరలో ఉప్పు గురించి అడిగి వచ్చేసేదాన్ని. ఈలోగా చిన్నమామ కుప్పంలో ఒక బడివాళ్ళు పిలిస్తే అక్కడికి పోయారు. ఆ బడి వరండా పక్క గదిలోనే ఉండేవారు. రెండుసార్లు ఫోన్‌లో మాట్లాడాను. రెండుసార్లూ "ఎన్ని చుక్కలు ఏస్తాండావమ్మా ఇప్పుడు?" అని అడిగారు. ఇంట్లో చెప్పావా అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. ఈ మాటలో కూడా తప్పు ఆయన మీదికే తోస్తున్నాను.

ఆయన పోయిన రోజు మేం నలుగురం కారులో కుప్పం పోయాం. పుంగనూరు దాటేటప్పుడు మా అత్త అంది. "ఆడపిల్ల యాల చేసింది ఫోన్? ఆడ పెద్దోళ్ళెవరూ లేరా?" పొద్దున నేను అడిగిందీ అదే. ఆమె గొంతులో విన్నాక అది ఎంత చెడ్డ ప్రశ్నో తెలిసింది.

బడి వరండాలో పడుకోబెట్టి ఉన్నారు. ఆ పదకొండు మంది పిల్లలూ తెల్ల బట్టల్లోనే తల దగ్గర కూర్చుని ఉన్నారు. మామకు నడక సరిగా లేదు. కింద కూర్చోలేరని, ఎగిరి దిగేటప్పుడు నేల మీద వేసుకునే పెద్ద పీచు పరుపును ఇద్దరు పిల్లలు ఈడ్చుకొచ్చి, రెండు మడతలు చేసి గోడవారగా వేశారు. మామ దాని మీద కూర్చున్నారు. తమ్ముడి ముఖం వైపు చూడలేదు, పాదాల వైపు చూస్తున్నారు.

గంగవరం వైపు నుంచి దూరపు చుట్టాలు కొందరు వచ్చారు. వాళ్ళలో ఇద్దరు స్తంభం దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు.

"సొంతన్న ఇల్లు మదనపల్లెలో ఉంటే ఈడ బడి వరండాలో యాల పోవాల?"

"పంపించేసినారంట కదా."

"ఊరికే పంపిస్తారా? పెండ్లి లేనోడు, ఆడపిల్లోళ్ళకు నేర్పించేది. ఏదో ఉండాదిలే."

మెల్లగా అన్నామని వాళ్ళు అనుకున్నారు. అందరికీ వినపడింది. నా పక్కనున్న ఒకామె లేచిపోయి, శవం దగ్గర కూర్చున్న తన కూతురి మణికట్టు పట్టుకుని లేపింది. ఆ పిల్ల రానని బిగుసుకుంది. పొద్దున ఫోన్ చేసింది ఆ పిల్లే అని ఏడుపు గొంతును బట్టి గుర్తుపట్టాను. మదనపల్లెలో కొళాయి దగ్గర తల దించుకున్నది గుర్తొచ్చింది. ఇప్పుడు కూడా దించుకుంటే ఆయన్ని రెండోసారి నేనే పంపించినట్టు.

"ఏమీ లేదు" అన్నాను. నాకే సరిగా వినపడలేదు. "ఆయన తప్పేమీ లేదు. చెప్పింది నేను. తప్పుగా చెప్పినా."

"ఏమంటాండావమ్మా?" అన్నారు మామ. "నాకు వినపడలా. గట్టిగా చెప్పు."

చెవిటి మనిషికి చెప్పడమంటే ఊరంతటికీ చెప్పడమే. ఆయన కుడివైపుకు పోయి నిలబడి మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ముగ్గు, కాళ్ళు చూడడం, పుస్తకం, చదవకుండా మూసిన సంగతి, పుంగనూరు, రెండేళ్ళు నోరు మూసుకోవడం. అంత గట్టిగా నేను పుట్టిన తర్వాత ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఇప్పుడు యాలమ్మా ఈడ అవన్నీ" అంది మా అత్త.

మామ చెయ్యి ఎత్తారు. "చెప్పనీ. ఇన్నేండ్లు నా చెవి గురించి నువ్వు చెప్తానే ఉండావు. ఈ ఒక్క మాట నన్ను విననీ."

నేను ముగించాను. స్తంభం దగ్గరి వాళ్ళు నీళ్ళ కోసమన్నట్టు అవతలికి పోయారు. ఆ తల్లి కూతురి చెయ్యి వదిలింది. పిల్ల పోయి మళ్ళీ తన చోట కూర్చుంది.

"వాణ్ని నేను ఒక్క మాట అనలా, చెవి పోయినప్పుడు" అన్నారు మామ, ఎవరికి చెప్తున్నారో తెలియకుండా. "పోతాంటే ఉండమని కూడా ఒక్క మాట అనలా."

తర్వాత పరుపు మీద తన పక్కన చేత్తో తట్టారు. "కూచో."

మా ఇంట్లో మామ ఎదుట కోడలు సమానంగా కూర్చోదు. మా అత్త ఏమంటుందోనని చూశాను. ఆమె ముఖం గోడ వైపు తిప్పుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. నేను అంచున కూర్చున్నాను. ఎంతమంది పిల్లలు ఎన్ని వందలసార్లు దిగారో, ఆ పరుపు నడిమిలో పెద్ద గుంట పడి ఉంది. అంచున కూర్చున్నా లోపలికే లాగుతోంది. అటునుంచి మామ, ఇటునుంచి నేను, కొంచెం కొంచెంగా ఆ గుంటలోకి జారుతూ, చేతులు నేలకు ఆనించి ఆపుకోవాలని చూశాం. కాసేపటికి ఇద్దరం చేతులు తీసేశాం.